తోడికోడలి చొక్కా

మా తోడికోడలు ఒక్క కూత వేస్తే మంద మొత్తం తల ఎత్తేది. నేను గొంతు చించుకుని అరిచినా ఒక్క గొర్రె కూడా చెవి కదిలించేది కాదు. ఆమె మీద నేను అంతగా కుళ్ళుకోవడానికి ఇది చాలదా అంటారేమో. చాలదు. గొర్రెలు నా మాట వినకపోతే పోయాయి, వాటితో నాకేం పని. నా కడుపుమంట వేరే ఉంది. దాని దగ్గరికే వస్తున్నాను.

మాది కోసిగికి దగ్గర్లో ఒక పల్లె. నల్లరేగడి నేల. వాన పడితే పత్తీ జొన్నా శనగా పండుతాయి, లేకపోతే లేదు. పత్తి ఏరడం అయిపోయిందంటే ఊళ్ళో ఇక పని ఉండదు. ఇళ్ళకు తాళాలు పడతాయి. మూటాముల్లె సర్దుకుని జనం లారీలెక్కి గుంటూరు వైపు మిరప కోతలకు పోతారు. దీన్ని మేం సుగ్గికి పోవడం అంటాం. తిరిగి వచ్చేది ఉగాదికే. మా ఇంట్లో అన్నదమ్ములిద్దరూ, అంటే మా బావా మా ఆయనా, ప్రతి ఏడూ పోయేవాళ్ళు. ఆడవాళ్ళిద్దరిలో ఒకరు వాళ్ళతో పోవాలి, ఇంకొకరు అత్తకు తోడుగా, జీవాలకు కాపలాగా ఊళ్ళో ఉండాలి. గొర్రెల్నీ మేకల్నీ కలిపి మావైపు జీవాలంటారు. ఉండేది మా తోడికోడలు. పోయేది నేను.

ఈ ఏర్పాటు మా అత్తది. నేను కాపురానికి వచ్చిన కొత్తలోనే తేల్చేసింది. "చిన్నదాని చేతులు చురుకు, మిరప్పండ్లు బిరబిరా కోస్తాది. పెద్దదానికి జీవాలు అలవాటు. ఎవురి పని వాళ్ళు చేసుకోండి" అంది. అప్పుడు నాకేమీ అనిపించలేదు. కొత్త ఊళ్ళు చూడొచ్చని సంబరపడ్డాను కూడా. కూతురు పుట్టాక గానీ ఆ ఏర్పాటులోని బాధ నాకు తెలిసిరాలేదు.

పాలు తాగే రోజుల్లో పాపను చంకనేసుకునే పోయాను. చేలగట్ల మీద ప్లాస్టిక్ పట్టలతో వేసుకున్న గుడిసెలు, ఎటు చూసినా ఎండబోసిన మిరపకాయలు. పాప కళ్ళు నలుపుకుంటూ రోజంతా ఏడ్చేది. మిరప కోసిన చేతులతో నేను ఎత్తుకుంటే ఇంకా ఏడ్చేది. పాలు మరిచాక ఇంటి దగ్గర తోడికోడలికి అప్పజెప్పి పోవడం మొదలుపెట్టాను. ఆమెకు పిల్లలు లేరు. గుళ్ళూ దర్గాలూ తిరిగి తిరిగి ఇక చాలనుకుంది. నా కూతుర్ని తన కడుపున పుట్టినదానిలాగే చూసుకుంది. తల దువ్వింది, జ్వరమొస్తే ఎత్తుకుని తిరిగింది, బడిలో వేసింది. "తోడికోడలంటే అట్ల ఉండాల. నీ అదృష్టమే అదృష్టం" అనేవాళ్ళు ఊళ్ళో వాళ్ళు. నేను నవ్వి తల ఊపేదాన్ని. లోపల మాత్రం భగ్గుమనేది.

ఉగాదికి నేను తిరిగొస్తే పాప పెద్దమ్మ కొంగు పట్టుకుని వాకిట్లో నిలబడి, ఎవరో చుట్టం వచ్చినట్టు నన్ను చూసేది. రమ్మని చేతులు చాస్తే వచ్చేది, తుమ్మేది, ముక్కు మూసుకుని మళ్ళీ ఆ కొంగులోకే దూరేది. మిరప ఘాటు అలాంటిది. గోళ్ళలో, జుట్టులో, చీరల మూటలో ఉండిపోతుంది. ఎన్నిసార్లు తలకు పోసుకున్నా అంత తొందరగా వదలదు. ఆ ఘాటుకే బిడ్డ నా దగ్గరికి రావడం లేదని నాకు నేనే చెప్పుకునేదాన్ని. సుగ్గికి పోకుండా ఒక్క ఏడు ఇంట్లో ఉంటే చాలు, నా బిడ్డ నా కొంగే పట్టుకుంటుందని గట్టిగా నమ్మాను.

గుంటూరు నుంచి ఫోన్ చేసినప్పుడల్లా ఒకటే అడిగేదాన్ని. "పాప నన్ను అడుగుతాందా అక్కా?" ఆమె ఒకటే చెప్పేది. "బాగుండాదిలే మ్మే. ఆడుకుంటాండాది. నువ్వేం బెంగ పెట్టుకోవాకు." మంచి మాటే. కానీ నాకు కావలసిన మాట అది కాదు. ఏడ్చింది, అన్నం తినలేదు, అమ్మ యాడ అని అడిగింది అని ఒక్కసారైనా చెబుతుందేమోనని ఫోన్ చెవికి నొక్కుకుని నిలబడేదాన్ని. ఎప్పుడూ చెప్పలేదు. సుగ్గి లారీ తెల్లవారకముందే కదిలేది కాబట్టి, నేను పోయాక పాప లేచి ఏం చేసేదో నా కళ్ళతో నేను ఎన్నడూ చూడలేదు.

పాప రెండో తరగతికి వచ్చిన ఏడు, లారీ మాటలు నడుస్తుండగా అన్నాల దగ్గర బయటపడ్డాను. "ఈసారి నేను పోను. అక్క పోనీ. నేను జీవాల కాడ ఉంటా" అన్నాను. మా ఆయన నోట్లో ముద్ద నోట్లోనే ఉండిపోయింది.

"నీకేం తెలుసే జీవాల పని?" అంది అత్త. "మంద అంటే మిరప తోట అనుకుంటివా, పెట్టిన కాడే నిలబడేదానికి?"

"నేర్చుకుంటా" అన్నాను.

తోడికోడలు రొట్టె తుంచుతూ కూర్చుంది. ఆఖరికి, "పోతాలే అత్తా. నేనూ ఒకసారి గుంటూరు చూసొస్తా" అంది. నాకు ఆ మాట కూడా గిట్టలేదు. పోట్లాడి గెలవాలని చీర కుచ్చెళ్ళు దోపుకుని కూర్చున్నదాన్ని, ఆమె అంత సులువుగా ఇచ్చేస్తే నాకు గెలిచినట్టే అనిపించలేదు.

అత్త మాత్రం ఊరికే వదల్లేదు. "సరే. ఉగాది దాకా మందను నిలబెట్టు. ఒక్క జీవం పోకుండా, ఒక్కటీ చిక్కిపోకుండా చూపిస్తివా, ఇంక ప్రతి ఏడూ ఇంటి కాడ నువ్వే ఉండు. చూపియ్యలేకపోతివా, మల్లా ఈ మాట ఎత్తొద్దు" అంది. మంద నిలిస్తే బిడ్డ నాది. నా లెక్క అంతే.

లారీ పోయిన పొద్దున పాప లేచి ఇల్లంతా వెతికింది. దొడ్డి దగ్గరికి పోయి చూసింది. "పెద్దమ్మ యాడికి పోయె?" అని అడిగింది. చెప్పాను. ఇక మొదలుపెట్టింది ఏడుపు. బడి గంట కొట్టినా ఆపలేదు. కళ్ళు తుడవబోతే నా చేయి తోసేసింది. ఎత్తుకుని దొడ్డి చుట్టూ తిరుగుతూ నేను ఆలోచించిందల్లా ఒక్కటే. నేను పోయిన పొద్దుల్లో ఇది ఇలా ఏడ్చి ఉంటుందా? ఏడ్చి ఉంటే అక్క చెప్పేది కదా. చెప్పలేదంటే ఏడ్చి ఉండదు. బిడ్డను ఎత్తుకుని ఉండి కూడా కడుపులో మంట ఆగలేదు.

ఇక మంద సంగతి. మొదటి రోజు కర్ర పట్టుకుని దొడ్డి తడిక తీశాను. గొర్రెలు బయటికి వచ్చి, నన్నొకసారి చూసి, ఎక్కడివక్కడ నిలబడిపోయాయి. ముందు నడవాల్సిన మేకలు గోడెక్కి వేపకొమ్మలు అందుకుంటున్నాయి. అదిలిస్తే అన్నీ ఒక్కసారిగా పరుగెత్తాయి, ఆగితే అన్నీ ఒక్కసారిగా ఆగాయి. ఎందుకు పరుగెత్తాయో వాటికీ తెలియదు. ఒకటి పరుగెత్తింది కాబట్టి మిగతావి పరుగెత్తాయి. కుంట దాటించి కోతలైపోయిన శనగ మళ్ళలోకి చేర్చేసరికి ఎండ నెత్తిమీదికొచ్చింది. అక్కడ కాసేపు మేసి, నన్ను అడక్కుండానే ఇంటి దారి పట్టాయి. వెనక రొప్పుకుంటూ వస్తుంటే అరుగు మీది ముసలాయన అడిగాడు, "ఏమ్మా, మందను నువ్వు తోలుతాండావా, మందే నిన్ను తోలుతాండాదా?"

తిండితో లొంగదీద్దామనుకున్నాను. కొంగులో జొన్నలు కట్టుకుపోయి గుప్పెడు గుప్పెడు చల్లాను. అప్పుడు చూడాలి వాటి ప్రేమ. మీదపడి నన్ను కింద పడేశాయి. కొంగు ఖాళీ కాగానే నన్ను తొక్కుకుంటూ వెళ్ళిపోయాయి. అవి జొన్నల వెనక వచ్చాయి గానీ నా వెనక రాలేదు.

చొక్కా సంగతి అనుకోకుండా తెలిసింది. దొడ్డి గుంజకు మా తోడికోడలి చొక్కా వేలాడుతుండేది. మా బావ పాత ఫుల్ చేతుల చొక్కా, నీలి గళ్ళది, మోచేతుల దగ్గర చిరిగింది. మా ఊళ్ళో ఆడవాళ్ళు పొలం పోయేటప్పుడు చీర మీద మొగవాళ్ళ పాత చొక్కా వేసుకుంటారు, ఎండకూ ముళ్ళకూ. ఆమె అది లేకుండా మంద వెనక పోయేదే కాదు. ఒక పొద్దున చలి ఎక్కువుండి దాన్ని తగిలించుకుని తడిక తీశాను. గొర్రెలు నా వైపు చూశాయి. మేకలు గోడ దిగాయి. నేను నడిస్తే నడిచాయి, ఆగితే ఆగాయి. వాటికి గళ్ళు చూసి తెలిసిందో, వాసన చూసి తెలిసిందో నాకు తెలియదు. కుంట గట్టు మీద నిలబడి సంతోషించాలో ఏడవాలో తెలియలేదు. ఆమె చినిగిపోయిన చొక్కాకున్న విలువ నాకు లేకపోయింది.

దాని వాసన ముక్కు బద్దలయ్యేలా ఉండేది. గొర్రె జిడ్డు, పొగ, ఆమె తలనూనె. పనయితే అయింది గానీ ఆ నూనె వాసన మోయడం నా వల్ల కాలేదు. ఒక సాయంత్రం సబ్బు పెట్టి రాతికేసి బాదాను, ఇక ఇది నాది అనుకుంటూ. పొద్దున వేసుకుని తడిక తీస్తే గొర్రెలు ముక్కులు ఎగబీల్చి వెనక్కి తగ్గాయి. మళ్ళీ మొదటికొచ్చింది కథ. అత్త విషయం తెలిసి బోసినోటితో ఎంత నవ్విందో. "పో, దొడ్లో పారెయ్. వాటి కిందేసి పండుకోబెట్టు. మల్లా కంపు పట్టినాక తొడుక్కో" అంది. అలాగే చేశాను. కొన్నాళ్ళకు కంపు తిరిగొచ్చింది. నూనె వాసన మాత్రం రాలేదు. అదొక్కటే నాకు మిగిలిన గెలుపు.

చొక్కా వల్ల మంద నా వెనక నడవడం మొదలయ్యాక వాటిని చూసే తీరిక దొరికింది. పొద్దున చల్లటి వేళ గబగబా నడుస్తూ ఇక్కడో నోరు అక్కడో నోరు కొరికి, ఎండ ముదిరేలోగా ఒక చోట స్థిరపడతాయి. గొర్రె తల దించి నేలను దువ్వినట్టు మేస్తుంది, మేక తల ఎత్తి కొమ్మ కోసం చూస్తుంది. నడి మధ్యాహ్నం చెట్టు నీడ లేనిచోట ఒకదాని పొట్ట కింద ఒకటి తల దూర్చి గుండ్రంగా నిలబడతాయి. ఆ నీడా పంచుకోవడమే. కానీ ప్రతిదీ పక్కదాని నీడలోనే ఉండాలని తోసుకుంటుంది, తన నీడ ఇంకొకదానికి ఇవ్వాల్సి వస్తే జరుగుతుంది. నెమరు వేసేటప్పుడు ఏ గొర్రె ఏ గొర్రె పక్కన పడుకుంటుందో దానికో లెక్క ఉంది. రోజూ అవే జంటలు. మధ్యలో వేరేది దూరితే లేచి కుమ్మి తరిమేస్తాయి.

నాకు బాగా నచ్చింది వాటి మేతలోని కుళ్ళు. ఒక గొర్రె కాళ్ళ కింద పచ్చిక ఉంటుంది. కానీ పక్కది ఏదో నములుతూ కనిపించగానే దీన్ని వదిలి అటు పరుగెత్తుతుంది. అక్కడ ఎండుపుల్ల తప్ప ఏమీ ఉండదు. ఇంతలో వెనకది వచ్చి దీని పచ్చిక తినేస్తుంది. తుమ్మకాయలు రాలే రోజుల్లో నేను కొమ్మ దులిపితే నేలంతా కాయలే, అయినా అన్నీ ఒకే కాయ మీద పడి కుమ్ములాడుకునేవి. వాటిని చూస్తే నాకు నా మీద కాస్త జాలేసేది. నాలాంటివి ఇన్ని ఉన్నాయనిపించేది.

మళ్ళ అవతల జింకలు వచ్చేవి. మా రైతులు వాటిని తిట్టని రోజు లేదు, మొలకలు తినేస్తాయని. పంటలు లేని ఆ రోజుల్లో మాత్రం గొర్రెల పక్కనే మేసేవి. ఎన్ని మేస్తున్నా ఒకటి తల ఎత్తే ఉండేది. అది తల దించితే ఇంకొకటి ఎత్తేది. వాటికి ఎవరూ చెప్పరు. మా ఇంట్లో మాత్రం ఎవరు తల ఎత్తి కాపలా కాయాలో ఎవరు వంగి మిరప కోయాలో అత్త చెప్పాలి.

ఆదివారాలు పాప నాతో వచ్చేది. గొర్రెపిల్లల్ని ఎత్తుకుని ముద్దులాడేది. చొక్కా జేబులో శనగలు వేసి ఇచ్చేదాన్ని. ఒకసారి ఉండబట్టలేక అడిగాను, "నీకు నేనంటే ఇష్టమా, పెద్దమ్మంటే ఇష్టమా?" అది నా మొహం చూసి, "గొర్రెపిల్లలంటే" అంది. ఎనిమిదేళ్ళు లేవు, అంత తెలివి ఎక్కడిదో. ఎక్కడిదేముంది, పెంచినదాని దగ్గరిదే అనుకుని మళ్ళీ కుతకుతలాడాను.

గుంటూరు నుంచి తోడికోడలు రోజూ ఫోన్ చేసేది. "పాప ఎట్లుండాది మ్మే? నన్ను అడుగుతాందా?" ఆ పొద్దునే పాప పెద్దమ్మ కావాలని తల దువ్వించుకోకుండా బడికి పోయి ఉండేది. నేను చెప్పేదాన్ని, "బాగుండాదిలే అక్కా. ఆడుకుంటాండాది." పాప ఫోన్ అందుకుంటే మాటలు అయ్యేవి కావు, గొర్రె ఈనింది నుంచి పలక పగిలింది దాకా అన్నీ చెప్పేది. నాతో ఫోన్లో ఏనాడైనా అలా మాట్లాడిందా? ఛార్జింగ్ అయిపోతుందని లాక్కునేదాన్ని.

ఎండలు ముదిరిన ఒక రోజు ప్రాణం పోయినంత పనయింది. ఒక చేలో బోరు పైపు కారి, కోసిన జొన్న మొదళ్ళకు నీళ్ళు తగిలి లేత పిలకలు వచ్చాయి. ఆ పిలకలు జీవాలకు విషం. మావైపు దాన్ని నాము అంటారు. తిన్న గొర్రె నోట నురగ కక్కి అక్కడికక్కడే కూలిపోతుంది. చుట్టూ బూడిదరంగు నేల, మధ్యలో ఆ పచ్చదనం. ముందున్న మేక చూసింది. దాని వెనక మంద మొత్తం. నేను అరిచాను, పరుగెత్తాను, రాళ్ళు విసిరాను. చొక్కా వాటి వెనకుంది, పచ్చిక ముందుంది, ఇక ఆగుతాయా?

ఆమె కూత నాకు వచ్చు. ఇన్నేళ్ళు వింటూ రాకుండా ఎలా ఉంటుంది? నాలుక అంగిటికి తాటించి, 'ట్ట్ర్ర్ర్ర్' అని మొదలుపెట్టి, చివర 'హాఁయ్' అని సాగదీసేది. చొక్కా తొడిగాను గానీ ఆ కూత మాత్రం నోటితో పలకకూడదని పంతం పట్టి ఉన్నాను. ఆ క్షణంలో పంతం ఎక్కడికి పోయిందో, ఆమె గొంతుతో ఆమె లాగే కూశాను. మేక ఆగింది. గొర్రెలు ఒకదాన్నొకటి గుద్దుకుని ఆగాయి. రెండోసారి కూస్తే మొత్తం వెనక్కి తిరిగి నా కాళ్ళ చుట్టూ చేరాయి. అత్త పందెమూ నా బిడ్డా ఆ ఒక్క కూతతో దక్కాయి. గట్టు మీద కూలబడి, మందను కాచింది నేనా ఆమెనా అని ఏడ్చాను.

ఆ తర్వాత ఆ కూతతోనే మందను తోలాను. ఒక సాయంత్రం ఇంటికి మళ్ళించి కూస్తూ వస్తుంటే వెనక నుంచి బడిసంచి గలగలలాడించుకుంటూ పాప పరుగెత్తుకొచ్చింది. "పెద్దమ్మా!" అని కేక. ఆ గొంతులో అంత సంబరం నేనెప్పుడూ వినలేదు. వెనక్కి తిరిగాను. నా మొహం చూసి ఆగిపోయింది. "నువ్వా" అంది. ఇప్పుడు ఇది రాస్తుంటే కూడా ఆ 'నువ్వా' చెవిలో వినిపిస్తుంది. ఇద్దరం మంద వెనకే ఇల్లు చేరాం.

ఉగాదికి ముందు సుగ్గి జనం తిరిగొచ్చారు. తోడికోడలు లారీ దిగీ దిగగానే మూట వాకిట్లో పడేసి దొడ్డి దగ్గరికి పోయింది. మనిషి నల్లబడింది, చేతివేళ్ళు పొట్టు లేచి ఉన్నాయి. తడిక మీద చేయి వేసి లోపలికి వంగిందో లేదో, గొర్రెలు తుమ్ముతూ చెదిరిపోయి అవతలి మూలకు గుంపుగా చేరాయి. నేను చొక్కాతో లోపలే ఉన్నాను. వచ్చి నా వెనక దాక్కున్నాయి. ఆమె మొహం చిన్నబోయింది. నాకెంత బాగుండిందో చెప్పలేను. ఆ మొహాన్ని ఉగాది పచ్చడి కంటే ముందే తినేయాలనిపించింది.

అత్త వచ్చి ఒక్కొక్క గొర్రె వీపు మీద చేయి వేసి చూసింది. ఒక్కటీ పోలేదు, ఒక్కటీ చిక్కలేదు, పిల్లలు పెరిగాయి. "నిలబెట్టినావులే మ్మే" అంది. "ఇంక ఇంటి కాడ చిన్నది ఉంటాది. పెద్దది పోతాది సుగ్గికి."

అప్పుడే బడి వదిలారు. పాప వీధి మలుపులో పెద్దమ్మను చూసింది. సంచి విసిరేసి పరుగెత్తింది. ఆమె ఒంటి నిండా మిరప ఘాటే, మొన్నటి దాకా నాకున్నదే. పాప తుమ్మింది. కళ్ళల్లో నీళ్ళు కారాయి. అయినా ఆ మెడ వదల్లేదు, తుమ్ముతూనే ముద్దులు పెట్టింది. నేను గొర్రెల మధ్య నిలబడి చూశాను. ఇన్నేళ్ళు ఘాటు మీద నెట్టి బతికాను. ఇక నెట్టడానికి ఏమీ మిగల్లేదు.

"పెద్దమ్మ మల్లా పోతాదా?" అని పాప అత్తను అడిగింది. అత్త అవునంది. పాప నేల మీద పడి దొర్లింది. తోడికోడలు, "మీ అమ్మ కాడికి పో నాయనా, మీ అమ్మ ఉండాది కదా" అంటూ దాన్ని నా వైపు తోసింది. ఆమె దానం చేస్తే నా బిడ్డను నేను తీసుకోవాలా? విసురుగా తిరిగి దొడ్డి లోపలికి పోయాను.

అది గొర్రెపిల్లల్ని పాలకు వదిలే వేళ. పగలంతా తట్టల కింద ఉంచిన లేత పిల్లల్ని వదిలితే దొడ్డంతా గోల. తల్లి అరుస్తుంది, పిల్ల అరుస్తుంది, అంత గోలలో పిల్ల పరుగెత్తి వస్తుంది, తల్లి దాని తోక కింద వాసన చూసి తనదైతేనే నిలబడుతుంది. కానిది వస్తే తన్నేస్తుంది. తొలిచూలు గొర్రె ఒకటి తన పిల్లనే తన్నుతోంది. రోజూ దాన్ని గోడకు అదిమి పట్టుకుంటేనే పిల్లకు పాలు. నేను ఒంటిగా పెనుగులాడుతుంటే తోడికోడలు లోపలికి వచ్చింది. గొర్రె మెడ పట్టుకుంది. నేను వెనక కాళ్ళు పట్టుకున్నాను. పిల్ల పొదుగు అందుకుంది.

"నీకొక మాట చెప్పాల" అంది, గొర్రె మీది నుంచి చూపు తిప్పకుండా. "నువ్వు ఫోన్లో పాప బాగుండాది, ఆడుకుంటాండాది అంటివి కదా. అబద్ధమని నాకు తెలుసు."

"ఎట్ల తెలుసు?"

"ఇన్నేండ్లు నేను నీకు చెప్పిందీ అదే కదా మ్మే."

నాకు వెంటనే అర్థం కాలేదు. ఆమే చెప్పింది. "నువ్వు పోయిన పొద్దు లేస్తానే ఏడ్చేది. లారీ శబ్దం ఇనపడితే రోడ్డు కాడికి పరిగెత్తేది. నీకు చెప్పాలనే అనుకుంటి. చెప్తే నువ్వు పని ఇడిసిపెట్టి వచ్చేస్తావు. అదొక్కటే కాదులే. నాకు మంట పుట్టేది. తల దువ్వేది నేను, బువ్వ తినిపించేది నేను, ఏడ్చేదేమో లారీ ఎక్కి పోయినదాని కోసం. ఆ మాట నా నోటితో నీకెందుకు చెప్పాల అనిపించేది. నువ్వొచ్చినాక నీ కాడికి రావాలని దానికి ఉండేది మ్మే. మల్లా పోతావని భయపడేది."

ఆమె మీద అరవాలి. అన్నేళ్ళు నా గుండెను ఎండబెట్టింది. నాకు ఒక్కదానికే ఉందనుకున్న కుళ్ళు ఆమెకూ అంతే ఉంది. కానీ అరిచేముందు ఇంకొకటి అడగాలనిపించింది.

"ఎంతసేపు ఏడ్చేది?"

"శానాసేపు. పొద్దెక్కే దాకా. బువ్వ పెడితే తోసేసేది."

"ఊరికే ఏడ్చేదా, నన్ను పిలిచి ఏడ్చేదా?"

"నిన్నే. అమ్మా, అమ్మా అని."

బిడ్డ ఏడ్చిందని వింటుంటే ఏ తల్లికైనా కడుపు తరుక్కుపోవాలి. నాకు మాత్రం పండగలా ఉంది. గొర్రె కాళ్ళు విదిలిస్తోంది, పిల్ల పొదుగు గుద్దుతోంది, నా చేతులు లాగేస్తున్నాయి. పట్టు వదల్లేదు. "మొదటి ఏడు ఎట్ల ఏడ్చింది? ఆడి నుంచి చెప్పు అక్కా" అన్నాను.